ఒకటి తప్ప అన్నీ

అమెరికాలోని మోంటానా కొండల్లో మంచు మొదలైంది. పక్కింటి ఎల్డన్ ఏళ్లుగా కరువు కోసమని దాచిన తిండి డబ్బాలన్నీ తెచ్చి వర్లా వరండాలో దించుతున్నాడు.

"ఇదేంటి ఎల్డన్? ఒక్క బీన్స్ డబ్బా అడిగితే కసిరేవాడివిగా!"

"ఉంచుకో. నీళ్ల ఫిల్టరూ, గుడారమూ కూడా నీకే."

"మరి నువ్వేం తింటావు?"

"నా సంగతి వదిలెయ్."

"మీ ఆవిడ పోయాక అసలు పొయ్యి వెలిగించావా?"

అతను తాళాలు తీసి ట్రక్కు వైపు తిరిగాడు. వర్లా అడ్డంగా వచ్చి నిలబడింది.

"తుపాకీ ఏది?"

"మళ్లీ మొదలెట్టావా? అది నా హక్కని ఎన్నిసార్లు చెప్పాలి?"

"హక్కుల గొడవ కాదు. ఎక్కడుంది?"

"ట్రక్కులో. అదొక్కటీ నాకుండనీ."

వర్లా ఈసారి వాదించలేదు. అతని చేతిలోని ట్రక్కు తాళాలు లాక్కుంది.

"లోపలికి నడు. సూప్ పెడతా."

ఎల్డన్ మొదటిసారి ఎదురు చెప్పలేదు. ఆమెకు భయం ఇంకా పెరిగింది.