గద్దలు దిగిన జాగ

గద్దలు ఇంక తిరుగుతున్నయంటే నన్నడుగుతరేంది సారూ? ఎయిర్‌పోర్టు పక్కన పిట్టలు ఎగురొద్దంటిరి, కోడి పేగులు పారేస్తుండని పక్కన సోమయ్యన్న చికెన్ దుకాణానికి తాళమేస్తిరి. ఇగ నా ఇంట్ల ఏం పని మీకు?

రండ్రి, చూస్కోండ్రి. గీ జాలీపెట్టెల ఉన్నయే, ఇవే నా కౌజు పిట్టలు. ఇరవై రెండు. గుడ్లకు వెట్టుకున్న, పెద్దగైతే కూరకు గూడ. నా పేరు స్వరాజ్యం, రాస్కోండ్రి. నాకేం భయం?

ఎన్ని తెచ్చిన్నంటరా?

వంద.

తక్కినయా... జర ఆగుండ్రి సారూ, చెప్తున్న.

ఒక్కరోజు పిల్లలు, బొటనవేలంత ఉంటయి. మొదటిదినం పళ్లెంల నీళ్లు పోసి పెడితే అండ్లనే మునిగి సచ్చినయి కొన్ని. గింతంత నీళ్లల్ల! పళ్లెంల గులకరాళ్లు ఎయ్యాలెనంట, నాకేమెరుక?

వేడికి బల్బు పెట్టిన. సోమవారం నేను మైలార్‌దేవ్‌పల్లిల మా అక్కను చూడవోయిన. ఒకటే వాన. కరెంటు ఎప్పుడు వొయిందో ఏమో! ఇంటికొచ్చి చూస్తే, సలికి అన్నీ ఒక్క మూలకు చేరి, ఒకదాని మీదొకటి కుప్పవడ్డయి. కింద వడ్డయి ఊపిరాడక సచ్చినయి. చేత్తోని తీస్తుంటె ఇంక వెచ్చగనే ఉన్నయి సారూ.

గుంత తీసి బొందవెట్టాలె. తెల్వదా నాకు? అంతా బండనేల. తవ్వెటందుకు ఎవలున్నరు? సంచిల గట్టి గోడ అవతల ఇసిరేసిన. తెల్లారి చూస్తే మొగులంత గద్దలే!

గప్పుడే మీ జీపొచ్చింది. 'ఇదెవరి పని' అని మీరడిగితే నేను సోమయ్యన్న దుకాణం దిక్కు చూసిన. నోరు తెరిచి ఒక్క మాటన్ననా? అన్లే. చూసిన, గంతే. మీరు అటు వొయిండ్రు.

నిన్న ఇంక మూడు సచ్చినయి. అవి గూడ గోడ అవతలికే ఇసిరిన. అందుకే పోతలెవ్వు గద్దలు.

పొద్దుగాల సోమయ్యన్న వచ్చిండు. 'దుకాణం బందే ఉన్నది, దాని ఎనక జనరేటర్ ఉత్తగనే వడి ఉన్నది. వైరు గుంజుకో చెల్లే, పాపం పిల్లలు సలికి సస్తున్నయంట గద' అన్నడు. ఆయనే నిచ్చెనేసుకొని వైరు కట్టి పోయిండు. నేను చాయ్ గూడ పోయలె. ఆయన మొఖం దిక్కు చూస్తేనే గదా పోసేది?

ఆ కాయిదంల ఆయన పేరు కొట్టేయుండ్రి. నా పేరే రాయుండ్రి. ఏం జేస్తరో చేసుకోండ్రి.

తాళం తీసెటప్పుడు ఆయనకు మీరే చెప్పుండ్రి సారూ. నాకైతే నోరు రాదు.