భూమి చుట్టి వచ్చిన మోత

"నేను కొట్టింది ఒక్కటే దెబ్బ. ఎల్‌బీ నగర్ చౌరస్తాల కానిస్టేబుల్ చెవులు మూసుకున్నడు. గంతే, ఎక్కువ చెప్పుడు నాకు చాతగాదు," అన్నాడు బాల్‌రాజ్.

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, భారతమ్మ చాయ్ బండి దగ్గర జరిగిందిది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు, ఆఫీసులు బంద్, వినేవాళ్లకు కొదవ లేదు. అప్పట్లో చాయ్ గాజు గ్లాసుల్లోనే ఇచ్చేవారు. కాగితం కప్పు పట్టుకుంటే కోతలు రుచించవు, ఆ సంగతి వేరే. బాల్‌రాజ్ రేకుల షెడ్డులో కొత్త రకం వాయిద్యాలు చేస్తాడు. నూనె డ్రమ్ముకు స్ప్రింగులు బిగించి డోలంటాడు, సైకిల్ చక్రానికి గజ్జెలు కట్టి దానికో పేరు పెడతాడు. కొన్ని మోగుతాయి కూడా, అబద్ధమెందుకు. ఇవాళ ఒళ్లో ఉన్నది మాత్రం బండి చక్రమంత సింబల్, బ్యాండువాళ్లు కర్రతో కొట్టే ఇత్తడి బిళ్లలాంటిది.

అంతయ్య దాని మీదినుంచి కన్ను తీయలేదు. కాలనీ వంటపాత్రల గది చాబీ ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆ ఎల్‌బీ నగర్ చౌరస్తాలోనే వంటావార్పు జరిగినప్పుడు, నడిరోడ్డు మీద వండుకు తిని నిరసన తెలపడానికి, వందమందికి వండే కాలనీ ఇత్తడి గంజు తీసుకుపోయింది ఆయనే. గంజు తిరిగొచ్చింది, మూత రాలేదు. పాత సామాన్లవాడికి అమ్ముకున్నాడని గల్లీ అంతా గుసగుస. ఆదివారానికల్లా చాబీ అప్పజెప్పమన్నారు కాలనీవాళ్లు. భారతమ్మ ఆయనకు చాయ్ ఇస్తుంది కానీ పలకరించదు. ఆయనా అందరినీ అనుమానంగానే చూస్తున్నాడు. పక్కింటివాళ్ల కొత్త ఇత్తడి దీపపు కుందిని కూడా వదల్లేదు.

"గింత ఇత్తడి ఏడ దొరికింది బాల్‌రాజూ?"

"దొరుకుడేంది కాకా! ఏడు లోహాలు కరిగించి నేనే పోసిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? వనస్థలిపురంల ఇంటింటికి కుక్కర్లు వాటంతటవే కూతలేసినయ్. పొయ్యి మీద లేనివి గూడ!"

"మా ఆవిడ కుక్కర్ కూయలేదండీ," అన్నాడు పట్టాభి. గుంటూరు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాడు.

"మీది ఆంధ్ర కుక్కర్ సార్. సమ్మెల లేదు."

అందరూ నవ్వారు, పట్టాభితో సహా. అంతయ్య నవ్వలేదు.

"నడుమ రెండు తూట్లేంది? బ్యాండోళ్లదానికి ఒక్కటే ఉంటది గద."

అడ్డుప్రశ్న వచ్చినప్పుడల్లా బాల్‌రాజ్ ఇంకో మెట్టు పైకెక్కుతాడు.

"అవి ముక్కు రంధ్రాలు. గాలి పీల్చుకోవాలె గద! అసలు ముచ్చట ఇను. నాదర్‌గుల్ ఎయిర్‌పోర్టుల నడుపుడు నేర్చుకునే పిలగాని విమానం పైనుంచి పోతున్నది. మోత తగిలింది, కాకి తీగ మీద కూసున్నట్టు గాలిల నిలబడ్డది. పైలెట్ తొంగి చూసి, 'అన్నా, దిగాల్నా, పోవాల్నా?' అని అడిగిండు. పో బిడ్డా అన్న. పోతూ పోతూ రెక్క ముక్క ఒకటి ఇచ్చిండు. గా లోహమే ఇది."

"ఇందాక ఏడు లోహాలంటివి?"

"అవి ఆరు. ఏడోది ఇది. దీనికి జోడు భూమ్మీద లేదు!"

సింబల్ అంచుకు ఒకచోట సొట్ట ఉంది. గణపతి పండుగ పులిహోర నాడు గంజూ మూతా కలిసి జారి మెట్టుకు తగిలినప్పుడు పట్టుకోబోయింది అంతయ్యే. ఆయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

"చూసిన్రా? ఇత్తడి ముచ్చట తీయంగనే ఉరికిండు," అంది భారతమ్మ.

బాల్‌రాజ్‌కు ఊపిరి తిరిగింది. "ఇగ మోత విజయవాడ రోడ్డు పట్టింది. ఎదురొచ్చే బస్సులు ఎనకకు మళ్లినయ్. సముద్రంల చేపలు ఒడ్డుకొచ్చి, ఏమైందని అడిగి పోయినయ్. ఢిల్లీల బల్ల కింద పడ్డ మన ఫైలు ఎగిరి బల్ల మీద కూసున్నది. ఆ మోత ఇంకా ఆగలే. భూమి సుట్టు తిరిగి ఇయ్యాలో రేపో మళ్ల గీ గల్లీకే ఒస్తది, సూడున్రి."

గల్లీ మలుపులో గడగడమని మోత లేచింది.

"వచ్చేసిందండోయ్!" పట్టాభి లేచి నిలబడ్డాడు.

అందరికంటే ఎక్కువ తెల్లబోయింది బాల్‌రాజే. తన కోత నిజం కావడం అతను ఎన్నడూ చూసి ఎరగడు.

మలుపు తిరిగి ఇత్తడి గంజు దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక వంగి నెడుతూ అంతయ్య. బండి ముందు దాన్ని నిలబెట్టి, బాల్‌రాజ్ ఒళ్లోంచి సింబల్ అందుకుని మీద పెట్టాడు. సొట్టలో సొట్ట ఇమిడి, టక్కున కూర్చుంది. రెండు తూట్లూ మూత పిడి ఊడిన చోటే ఉన్నాయి.

"జోడు దొరికింది బాల్‌రాజూ."



"చాబీ నీ కాడనే ఉండనియ్యన్నా," అంది భారతమ్మ, అంతయ్య మొహం చూడలేక చాయ్ గరిటె అందుకుంటూ. "ఏదీ, గా మోత జర మేం గూడ ఇందాం," అని మూత మీద ఒక్కటి వేసింది.

ధబ్బుమంది. ఆ చప్పుడు పక్కనున్న అరటిపండ్ల బండి దాకా కూడా పోలేదు.