బెంచీ చివర గ్రేస్

శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, మలాజ్‌లోని నర్సుల హాస్టల్లో దయావతి టీవీకి అతుక్కుపోయింది. ఏదో ఆఫ్రికా దేశంలో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జరుగుతోంది.

“ఎవరక్కా వీళ్లు?” అంది పక్కమంచం షైని.

“వాళ్ల మిలటరీ, పోలీసుల క్లబ్బు. బెంచీ చివర కూర్చున్నదే గ్రేస్. నువ్వు పడుకునే మంచం దానిదే. ఇక్కడ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని వాళ్ల దేశం పోయి, అక్కడ మిలటరీ ఆస్పత్రిలో చేరింది.”

“ఫోన్ చేస్తుందా?”

“నంబరే మారిపోయింది. మనమెందుకు గుర్తుంటాంలే! వెళ్లేరోజు దిష్టి తీస్తే, బైబిలు చదివేదానివి నీకిదేం పనని పడీపడీ నవ్వింది.”

“అక్కా, లేచింది! ఆడుతుందేమో!”

“లేదే. ఎవరో చిన్నపిల్లని దింపుతున్నారు.”

ఆటలోకి దిగబోతున్న ఆ పిల్లని గ్రేస్ ఆపింది. రెండు చేతులతో దాని బుగ్గలు నిమిరి, వేళ్లు తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది.

“అక్కా! అచ్చం నీలాగే!”

దయావతికి టీవీ మసకబారింది.

“ఏం నాలాగ? ఒక్క మెటికైనా సరిగ్గా విరిచిందా, మొద్దు మొహం! దగ్గరుంటే చేతులు పట్టుకుని నేర్పేదాన్ని.”