చంద్రుడికి మర బిగించిన కాటా మావయ్య

తూకం కాటాలు బాగుచేసే మనిషి కాబట్టి ఆయన్ని అందరూ కాటా మావయ్య అంటారు. వారం కిందట కిరాణా కొట్టు షావుకారి తక్కెడలో సరుకు పోసే పళ్లేనికి చిల్లు పడితే అడుగున అతుకు వేశాడు. అప్పట్నుంచి ఆ కొట్లో తూచిన కేజీ పంచదార పక్క కొట్టు తక్కెడలో కేజీకి తూగడం లేదు. జనం షావుకార్ని దొంగంటున్నారు, బేరాలు సగానికి సగం పడిపోయాయి. పాపం ఆయన టీ కొట్టు దగ్గర నలుగురిలో మావయ్యని నిలదీశాడు. మావయ్య టీ ఊదుకుంటూ, తప్పు అతుకుది కాదు, చంద్రుడిదన్నాడు.

"సముద్రాన్నే లాగి ఆటుపోట్లు తెప్పించేవాడికి నీ పంచదార ఒక లెక్కా? కొట్లో తూచినప్పుడు చంద్రుడు లేడు, పక్క కొట్టుకెళ్లేసరికి నెత్తిమీదకొచ్చాడు, పైకి లాగాడు. నాకెలా తెలుసంటావా? వెళ్లొచ్చాను కాబట్టి. ఓసారి కొండ మీద పాలకేంద్రంలో కాటా బాగుచేయడానికెళ్లా. పైకెక్కేకొద్దీ బరువు తగ్గుతుంది, అది మీకూ తెలుసు. నేను ఎక్కుతూనే ఉన్నా, అది తగ్గుతూనే ఉంది. చివరికి కాలు జారింది. కింద పడ్డం అందరూ పడతారు, నేను పైకి పడ్డా."

"ఎక్కడ పడ్డావ్?" అన్నాడు టీ కొట్టాయన.

"ఇంకెక్కడ, చంద్రుడి మీదే. అక్కడ్నుంచి చూస్తే మన భూమి, మనకి కనపడే చంద్రుడికి నాలుగింతలుంది. ఒక్క గెంతు గెంతితే రెండు మేడలు దాటేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చంద్రుడు ఒకటే ఊగిపోతున్నాడు, మర వదులై. చూస్తూ ఊరుకుంటానా? వెనక్కెళ్లి బిగించా. అప్పట్నుంచే మనకి ఎప్పుడూ ఒకే మొహం చూపిస్తున్నాడు. నా మర అటు పక్కనుంది, అందుకే మీకు కనపడదు."

పక్కన కూర్చున్న మంగలి నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. షావుకారు మాత్రం నవ్వలేదు.

"నవ్వండి," అన్నాడు మావయ్య. "అక్కడ తక్కెడేసి తూచి మరీ చూశా. కేజీ రాయికి ఎంత పంచదార తూగిందనుకున్నారు? ఆరు కేజీలు!"

చిల్లర కోసం నిలబడ్డ సైన్సు టీచరమ్మ అప్పుడు నోరు విప్పింది. తూకం తగ్గిన పంచదార సంచీ ఆవిడ చేతిలోనే ఉంది.

"రాయి అక్కడిదేనా అన్నయ్యా?"

"అక్కడ రాళ్లకేం కొదవమ్మా, కానీ మనకి నమ్మకం ఉండొద్దూ? ఇక్కణ్నుంచే మోసుకెళ్లా."

"అయితే పంచదారతో పాటు రాయి కూడా ఆరో వంతే బరువుంటుంది కదా. కేజీ రాయికి కేజీయే తూగుతుంది, అక్కడైనా ఇక్కడైనా. చంద్రుడొచ్చి లాగినా అంతే, రెండు పళ్లేల్నీ లాగుతాడు."

మావయ్య గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

షావుకారు లేచి పంచె దులుపుకున్నాడు. "విన్నావుగా. పంచదారని లాగినవాడు పక్క కొట్టు రాయిని వదిలిపెట్టడట. ఇక మిగిలింది నీ అతుకే. పద, వీళ్లందరి ముందూ ఊడదీసి, అది ఎంత తూగుతుందో నువ్వే తూచి చెబుదువుగాని."

జనమంతా కొట్టువైపు కదిలారు. చంద్రుడి మీద మేడలు దాటిన మావయ్యని టీ కొట్టు బల్ల మీంచి లేపడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది.