తాగని చాయ్

నా పాపం చిన్నదే ఫాదర్, రెండు ముక్కల్లో చెప్పి లేస్త. బయట పగిడయ్య మోకాళ్ళ మీద ఉన్నడు, ఆయనవి చెప్పుకొనేసరికి పొద్దుగూకుతది.

అసలు తప్పంతా మన చర్చి మైకుది.

ఏంది, సొంత పాపమే చెప్పాల్నా? ఆ రోజు ఆ మైకు మోగితే నా పాపమే లేదు ఫాదర్! సారపాక నుంచి ప్రార్థన సేవా సంఘం ఆడోళ్ళు మన ములకలపల్లికి వచ్చిన ఆదివారం యాదికున్నదా? డప్పులు, బంతిపూల దండలు, కాళ్ళు కడుగుడు. మన ఉపదేశి బాబూరావు జేబుల కొత్త సెల్‌ఫోన్ మోగేసరికి ఆగమై, వాళ్ళ పేరు బదులు సొంత పెండ్లాం పేరు పిలిచిండు. ఆమె పోయి దండ ఏయించుకున్నది కూడా.

అప్పుడు నాకు కడుపు మండింది. పక్షవాతమొచ్చి మంచంల పడ్డ ఎర్రమ్మకు పదకొండేండ్ల సంది తల దువ్వుతున్న, గోళ్ళు తీస్తున్న. నాకు ఒక్క బంతిపువ్వన్న ఇచ్చిర్రా ఎవరన్న? మీరు వచ్చి రెండేండ్లేలే, పోనియ్యండి.

తర్వాత మీరు సంఘం నియమాలు చదవబోతుంటే కరెంటు పోయింది. మైకు లేకుంటే మీ గొంతు ముందు వరస దాటదు, ఏమనుకోకండి. ముందు వరసల నేను, నా పక్కన చెవుడు పోతయ్య, అంతే. "సేవకు పోయిన ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరాదు, పేదలకు భారం కారాదు" అన్నరు. మంచి నియమమే. విన్నది నేనొక్కదాన్నే.

ఆ శనివారం జ్యోత్స్న ఎర్రమ్మ ఇంటికి పోయింది. జ్యోత్స్న అంటే ఆ సంఘం పెద్ద, పేపరుమిల్లు క్వార్టర్స్‌ల ఉంటది. తల దువ్వింది, ప్రార్థన చేసింది. ఎర్రమ్మ కోడలు కవిత పక్కింట్ల పాలు అడుక్కొచ్చి మరీ చాయ్ పెట్టింది. "వద్దమ్మా, మేం తాగం" అన్నది జ్యోత్స్న. నవ్వుకుంటనే అన్నది.

ఎర్రమ్మ గోడ దిక్కు తిరిగింది. మా పేటోళ్ళకు హోటల్ల వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసిన మనిషి గదా. తాగి, ఆ గ్లాసు తానే కడిగి బోర్లించి వచ్చిన మనిషి.

"మంగీ, మా ఇంట్ల చాయ్ ఎందుకు తాగలేదే?" అని నన్నడిగింది.

ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె. చెప్పలే. "నాకేం తెల్సమ్మా, పెద్దోళ్ళు" అన్న. ఇగ నీళ్ళ పంపు కాడ, రేషన్ షాపు కాడ, ఎక్కడ నిలబడితే అక్కడ అదే చెప్పిన: "ఎర్రమ్మ ఇంట్ల చాయ్ ముట్టలేదంట." అబద్ధమా అది? ముట్టలేదు గదా!

మళ్ళ శనివారం పేటంతా తలుపులు పెట్టుకున్నది. జ్యోత్స్న నూనె సీసా పట్టుకొని చర్చి మెట్ల మీద కూసున్నది. "పెద్దమ్మా, మేమేం తప్పు చేసినం? మీరన్న చెప్పుర్రి" అన్నది నాతోని.

"ప్రార్థన చేసుకో బిడ్డా" అన్న. అవ్ ఫాదర్, గట్లనే అన్న.

మూడు వారాలు గిట్లనే నడిచింది. ఇగ రారులే, ఎర్రమ్మ నాకే మిగులుతది అనుకున్న.

నాలుగో శనివారం జ్యోత్స్న తలుపు తట్టి లోపలికి పోయి, ఎర్రమ్మ మంచం కాడ నేల మీద కూసోని, మామీద కోపమెందుకని మొహం మీదనే అడిగింది. ఎర్రమ్మ చాయ్ సంగతి, గ్లాసు సంగతి మొహం మీదనే చెప్పింది. "మా అమ్మకూ ఆ గ్లాసే పెట్టేటోళ్ళు అవ్వా" అని జ్యోత్స్న ఏడ్చిందట. నియమం అక్కడ్నే తీసేసి, ఆ రోజు తొమ్మిది ఇండ్లల్ల తొమ్మిది చాయ్‌లు తాగింది. రాత్రి నిద్రపట్టిందో లేదో.

నిన్న మా పేట ఆడోళ్ళు పద్నాలుగు మంది సంఘంల పేర్లు రాయించుకున్నరు. నేను ఎప్పటిలెక్కనే దువ్వెన పట్టుకొని ఎర్రమ్మ ఇంటికి పోయిన.

"ఇగ నువ్వు రాకు మంగీ" అన్నది. "పదకొండేండ్ల సంది నీ దువ్వెన నెత్తి గీరుతున్నది. మొహమాటానికి చెప్పలే."

నేను చేసింది ఆమెకు తెల్వనే తెల్వదు ఫాదర్! ఉత్త దువ్వెన గురించే అన్నది. జ్యోత్స్న ఆమెకు రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. డెబ్బై ఏండ్ల మనిషికి. మంచిగనే ఉన్నది.

పశ్చాత్తాపమా? లేదు ఫాదర్. ఏడుపైతే వస్తున్నది. అది వేరే.