చెత్త బండి వచ్చే వేళ

మళ్ళీ ఆ డబ్బా దగ్గరికే వెళ్ళారా? ఏవండీ, ఇటివ్వండి. అది నా కళ్ళజోడు, చెత్త కాదు. అయ్యో, దాన్ని పొడి చెత్తలో పడేస్తే నేను కూరలెలా తరుక్కోవాలి?

ఇంకా ఏమేం వేశారు? చూడనివ్వండి. దువ్వెన, టీవీ రిమోటు... ఇదేంటి, మన పెళ్ళి ఫోటో! ఫ్రేము ఒకచోట, అద్దం ఒకచోట, కాగితం ఒకచోట. ఏం పనితనమండీ! మునిసిపాలిటీ షెడ్డులో అన్నేళ్ళు చెత్త వేరు చేసిన చేతులు కదా, ఊరుకుంటాయా? మనుషుల్ని మర్చిపోయారు గానీ పనిని మర్చిపోలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. ప్లాస్టిక్ కవరు కనబడితే చాలు, షెడ్డులో చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని నలపడం, చప్పుడు విని ఇదో రకం, అదో రకం అనడం. పోనీలే, కాలక్షేపం అనుకుని ఇంట్లో కవర్లన్నీ మీ ముందు పోసి నా పని నేను చేసుకునేదాన్ని.

మరి పొద్దున చేసిందేమిటి? గుర్తు లేదా? ఉండదులెండి. నేనే చెప్తాను, కూర్చోండి.

చెత్త బండి గంట వినబడింది. మీరు నా దగ్గరికొచ్చారు. నా చీర చెంగు చెవి దగ్గర పెట్టుకుని నలిపారు. మొహంలోకి చాలాసేపు చూశారు. ఏ రకమో తేలలేదు పాపం. చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, బండి దాకా నడిపించుకెళ్ళి, ఆ బండి అమ్మాయితో ఏమన్నారో తెలుసా? "ఈవిడ మా ఇంట్లోది కాదమ్మా. ఎవరో పొరపాటున మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. తీసుకెళ్ళు" అన్నారు.

ఆ పిల్ల తలొంచుకుంది. వీధిలో అందరూ చూస్తుండగా నా పరువు... పరువు సంగతి వదిలేయండి. నా గుండె పగిలిపోయిందండీ. ఇన్నేళ్ళు మీతో కాపురం చేసినదాన్ని!

నన్ను ఎక్కించుకోకుండానే బండి వెళ్ళిపోయింది. నేను ఏడుస్తుంటే మీరే మళ్ళీ నా చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా, రేపు కూడా వస్తుందిలే" అని ఓదార్చారు. మెట్లు ఎంత మెల్లగా ఎక్కించారో! ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, నా వైపు చూసి మరీ.

ఎవరితోనూ అనకండేం... మీరెవరితో అంటార్లెండి. మీరు నా చెయ్యి పట్టుకుని నడిచి ఎన్నాళ్ళయిందనుకున్నారు?

రేపు గంట వినబడేసరికి నేనే తలుపు దగ్గర నిలబడి ఉంటాను. తీసుకెళ్ళండి, వస్తాను.