హార్మోనియం వెనక తబలా

హలో… ఆ, నేనే, దేవానందాన్ని. సీతాఫల్‌మండి మిషన్ బడి… ఎవరు?

వీరయ్యన్నా! నువ్వా… బడి బందే. పాస్టర్ గారు సుత లేరు. ఫోన్ మోగితే నేనే ఎత్తిన.

బాగనే ఉన్న. నిద్ర లేదు, అంతే… నిన్నటి నాటకం సామాన్లు వచ్చినయా తిరుమలగిరి మిల్ట్రీ క్యాంపు నుంచి?… పరదాలు వచ్చినయ్. నా హార్మోనియం?… సరే. దాన్ని తడవనియ్యకు.

జహంగీరా?

లేడు. ఇక్కడికెందుకొస్తడు… నాకెట్ల ఎరుక అన్నా, నిన్న గలాటల ఎటు ఉరికిండో. కనబడితే చెప్త.

ఒక్క నిమిషం ఉండు. గాలికి తలుపు కొట్టుకుంటుంది.

…

జహంగీర్, కిటికీ దిక్కు రాకు. వీరయ్యన్న ఫోన్. రిసీవర్ మూసిన, ఆయనకు వినపడదు. పో, ఆ గదిల బల్ల కాడ కూర్చో. ఒళ్లు కాలుతుంది నీకు. పండుకో, పో.

…

ఆ, చెప్పు అన్నా.

మిల్ట్రీ కెప్టెన్ పిలిపించిండా నిన్ను… ఏమని అడిగిండు?… పరదా దిగినంక ఆ పాట ఎవరు షురూ చేసిన్రని.

నువ్వేం చెప్పినవ్?

…

మళ్ల చెప్పు.

…

తబలా జహంగీర్ షురూ చేసిండు అని చెప్పినవ్.

అన్నా, నువ్వు నాటకం కంపెనీ నడిపేటోడివి. తబలాల పాట పలుకుతదా? సరిగమలుంటయా దాంట్ల?… ఆయనకు తెల్వదు, సరే, ఆయన ఫౌజులోడు. నీకు తెలుసు గద.

వాయించింది నేను.

కావాలని కాదు. మంగళం అయింది, పరదా దిగింది. ఇన్నేండ్ల సంది పరదా దిగినంక ఏం వాయించినం మనం? నిజాం సర్కారు సలాం పాట. అది వాయించకుంటే ఆటకు పర్మిషన్ ఇస్తుండెనా? నిజాం లొంగిపోయి వారం కాలేదు. పరదా తాడు కిర్రుమన్నది, చేతులు పోయినయ్. ముందర కూర్చున్నది యూనియన్ మిల్ట్రీ అని చేతులకేం ఎరుక?

మన జనం సుత లేచి నిలబడ్డరు గద అలవాటుకు. నువ్వు లేవలేదా?

లేచినవ్. నేను చూసిన.

…

అరే, అదే చెప్తున్న. నేను ఎత్తుకుంటే వాడు అందుకున్నడు. వాని పనే అది. నిద్రల ఉన్నా అందుకుంటడు. దేవానందం దగ్గితే జహంగీర్ తాళం వేస్తడని నువ్వే గద నవ్వుతుంటివి?

మరి నన్నెందుకు వదిలేసిన్రు?

…ఆ. పేరు.

నా పేరడిగి పక్కకు నిలబడమన్నరు. వాని పేరు అడిగిన్రు… కాదన్నా. రజాకార్ అని కేక పెట్టింది సిపాయిలు కాదు. వెనక బెంచీలోళ్లు. అప్పటిదాంక సలాంకు లేచి నిలబడ్డోళ్లు.

వాడు రజాకార్ ఎట్లయితడు! పోయినేడు నిజం రజాకార్లు వచ్చి రెండో అంకంల యుద్ధం పాట ఆపిచ్చిన్రు, యాదికుందా? నా హార్మోనియం పెట్టె ముట్టలేదు. నిన్ను సేఠ్ అని పిలిచిన్రు. వాని తబలా పగలగొట్టిన్రు. నువ్వు మావోడివయి ఈ పాటకు దరువేస్తవా అని.

యాదికుందా లేదా?

…

ఆ యుద్ధం పాట మీద నువ్వు మాట్లాడకు అన్నా. వరుస కట్టింది నేను. జర్మనీ లడాయి అప్పుడు గోరా సిపాయిల మీద మాటలు రాపిచ్చి పాడిచ్చినవ్. రజాకార్ల కాలంల మాటలు తీసి ఉత్త వరుస వాయించమన్నవ్. నిన్న మళ్ల కొత్త మాటలు, కెప్టెన్‌కు స్వాగతం. చప్పట్లు సుత ప్రతిసారి అంతే పడ్డయి.

…

ఏందది?

నీ ఎనక ఎవరో పాడుతున్నరు… కాదు, రేడియో కాదు. యుద్ధం పాటే. మన కంపెనీ పిలగాండ్లు కారు, వాళ్ల గొంతులు నాకు తెల్వవా? దరువు సుత తప్పు. కట్టెలతోని నేల మీద కొడుతున్నరు.

ఎవరన్నా వాళ్లు?

…ఉత్తగ వచ్చిన్రా. కట్టెలు పట్టుకొని ఉత్తగ వస్తరా నీ ఇంటికి?

…

చిలకలగూడల వాని ఇంటికి పోయొచ్చిన్రా?… తలుపు?… తల్లి, అమీనాబీ?… లేదు, ఇంట్ల లేదు. మంచిగైంది. ఎటు పోయిందో నాకు తెల్వదు. తెల్వదంటే తెల్వదు.

నిన్నేమన్నా అన్నరా? మెల్లగ మాట్లాడుతున్నవేంది?… సరే. అవును కాదు అను చాలు. నిన్ను పరేషాన్ చేస్తున్నరా?

…అవునా కాదా, ఏదో ఒకటి అను.

…

నేనొక మాట చెప్త, విను. నేను తిరుమలగిరి పోత. ఇప్పుడే. కెప్టెన్ ముందర హార్మోనియం పెట్టి చూపిస్త. తప్పు నా చేతులదని చెప్త. ఆయన మనిషి గద, వింటడు. రాసుకున్నది కొట్టేస్తడు. కెప్టెన్ నోట మాటొస్తే ఈ కట్టెలోళ్లు సుత ఇండ్లకు పోతరు.

ఎందుకు నమ్మడు?

తబలా ముందు, పెట్టె ఎనక అని నువ్వు చెప్పినవ్ గనక… నవ్వొస్తుంది అన్నా నాకు. తబలా ముందు ఎట్ల పోతది? నీకే సమజ్ కాకపోతే ఆయనకెట్లయితది? సలాం ఎట్ల ఎత్తుకుంటరు? పెట్టె మీద ఇట్ల మొదలైతది, దాని తర్వాతనే దరువు. విను, పాడి చూపిస్త. జెర విను.

ఊఁ… ఊఁ ఊఁ ఊఁ… ఊఁ… ఊఁ ఊఁ—

…

విన్నవా? ఇంత అయినంకనే తబలా…

అన్నా?

మాట్లాడవేంది?

…

ఏం చప్పుడు?

నాకేం వినపడతలేదు… ఇక్కడ? ఆ, వాన. రేకుల మీద వాన… అక్కడ పడతలేదా. ఇక్కడ పడుతుంది అన్నా.

…వాన తాళంల పడదని నాకు సుత తెలుసు.

పిలగాండ్లు. బడి పిలగాండ్లు బల్ల మీద కొడుతున్నరు… అవును, బడి బంద్ అని నేనే చెప్పిన. అయినా వచ్చిన్రు ఇద్దరు. ఆడుకుంటానికి.

అన్నా, నువ్వు గుర్తుపట్టినవ్. ఆ చెయ్యి నువ్వు గుర్తుపట్టకుండ ఉండవు. నీ బిడ్డ పెండ్లిల వాయించిన చెయ్యి. గుర్తుపట్టలేదని చెప్పు వాళ్లకు. వాన అని చెప్పు.

…

నీ దగ్గర పాట ఆగింది. ఎందుకాగింది?

హలో?… ఎవరు నువ్వు?… నీతోని కాదు నేను మాట్లాడేది. వీరయ్యన్నకు ఇయ్యి ఫోను.

వీరయ్యన్నకు ఇయ్యి.

…

బడి ఎక్కడుందో నేనెందుకు చెప్త? అన్నా! వీరయ్యన్నా, చెప్పకు… అన్నా—

హలో?

హలో?

…

కట్ చేసిన్రు.

జహంగీర్. జహంగీర్, చెయ్యి తియ్యి బల్ల మీద నుంచి. నేను ఆపి ఎంతసేపైంది… ఏడ్వకు, నీ తప్పు కాదు. జ్వరంల ఉన్నవ్. ఎత్తుకున్నది నేను. నిన్న నేనే, ఇయ్యాల నేనే.

లే. చెప్పులు చేతిల పట్టుకో. ఎనక గోడ దుంకితే రైలు పట్టాలు. పట్టాల మీద నడవకు, పక్కకెల్లి పో. రోసమ్మత్త ఇంట్ల మీ అమ్మ ఉంది, అక్కడికే పో.

నేను రాను. నేనొస్తే ఇద్దరి ఎంట పడ్తరు. వాళ్లు చప్పుడు పట్టుకొని వస్తున్నరు, చప్పుడు దిక్కే పోతరు. ప్రార్థన గదిల బడి హార్మోనియం ఉంది. వాళ్లు గేటు దాటంగనే వాయిస్త. ఆపమనేదాంక వాయిస్త.

జహంగీర్.

గోడ దుంకినంక సుత వినపడుతది నీకు. నేను ఏం వాయించినా సరే… ఈసారి అందుకోకు.